తడిసిన పలక

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. పెరట్లో వానపామును చూశానని నేను చెబితే విన్నవాళ్ళు కర్రలు పట్టుకుని బయల్దేరతారు. కానీ పోయిన ఆదివారం చిత్తూరులో మా చర్చిలో చూసినదాన్ని పెంచే అవసరమే లేదు. కోతపండుగ ఆరాధనలో కుర్రాళ్ళు తలలకు ఎర్రగుడ్డలు చుట్టుకుని, రంగు దీపాల కింద, అద్దెకు తెచ్చిన పలకలు మెడలో వేసుకుని వాయించారు. పలకంటే చట్రానికి తోలు బిగించిన చేతి డప్పు. పాట అయ్యాక పాస్టరుగారు మైకు పట్టుకుని, దేవుడు మన బాణీలోనే మన స్తుతి కోరతాడని సెలవిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకంటే ఎనభైల మొదట్లో, ఇదే చర్చి ఆవరణలో, ఇదే పండుగ రోజున, మా అత్త పలక మీద కుండెడు నీళ్ళు కుమ్మరించారు.

ఆ రోజుల్లో మా చర్చిలో పాటంటే కాళ్ళతో తొక్కే ఆర్గన్ ఒక్కటే. అది తిరుమల ఘాటురోడ్డు బస్సంత ఉండేది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ బస్సు రొప్పినట్టే రొప్పేది. దాన్ని తొక్కేది మా పెదనాయన. సంఘానికి సెక్రటరీ కూడా ఆయనే. మే నెల ఎండలో కూడా కోటు, టై లేకుండా గడప దాటేవాడు కాడు. ఆయన కాలరుకు పెట్టిన గంజితో ఒక సంసారం వారం రోజులు బతకొచ్చు. దొరల రాగాల్లోకి తెలుగు మాటలను కుక్కి పాడించేవాడు. రాగం పొడుగు, మాట పొట్టి. అందుకని ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని జీడిపాకంలా సాగదీసేవాళ్ళం. మొదటి చరణం ఎత్తుకున్నప్పుడు బయల్దేరిన మనిషి కొండకు పోయి, గుండు కొట్టించుకుని, లడ్డూతో తిరిగొచ్చినా మేమింకా రెండో చరణంలోనే ఉండేవాళ్ళం. అయినా ఆ రాగాల మీద నాకు కోపం లేదు. కొన్ని చెవిలో తేనె పోసినట్టుండేవి. నా కోపం, అవి తప్ప ఇంకేవీ దేవునికి వినబడవన్న మనుషుల మీద.

అత్తంటే పెదనాయనకు సొంత చెల్లెలు. సత్యవేడు పక్క పల్లెలో కాపురం. అక్కడి ప్రార్థన ఇంట్లో మామ పలక వాయిస్తే ఆమె పాడేది. సగం తెలుగు, సగం అరవం, మధ్యలో నాగలి తోలేవాళ్ళ అదిలింపులు కూడా పాటలో కలిసిపోయేవి. వానల్లేని ఒక ఏడు ఇద్దరూ కలిసి ఒక పాట కట్టారు. వాన కురిస్తే కోతపండుగనాడు సంఘం ముందర పాడతామని మొక్కుకున్నారు. వాన కురిసింది. పంట చేతికి వచ్చేలోగా మామ పోయాడు. అత్త ఒక ట్రంకుపెట్టె, ఒక పలక, ఒక బస్తా సెనక్కాయలతో చిత్తూరులో అన్న ఇంటికి చేరింది.

అప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను. పండుగ పొద్దున అత్త చర్చి ప్రహరీ పక్కన గడ్డిమంట వేసి పలక కాస్తోంది. సెగ తగిలితేనే తోలు బిగిసి మోగుతుంది. ఆ పొగ సరాసరి లోపలికి పోయి ముందు వరుస పట్టుచీరలను పలకరించింది. పెదనాయన టై ఎగరేసుకుంటూ వచ్చాడు.

"ఏమ్మే, ఈడ మంటేంది? గంగమ్మ జాతర అనుకుంటివా?"

"పలక కాస్తుండానన్నా. కాయకుంటే యాడ మోగుతాది?"

"సావుకి కొట్టేదాన్ని దేవుని ముందరికి తెస్తావా? లోపల పెద్ద పెద్దోళ్ళు కూసోనుండారు."

"కూసోనీ. నేను పాడేది వాళ్ళకా? అయినా, మన నాయన దీన్ని కొట్టే గదన్నా పల్లెనంతా ప్రార్థనకి పిలిసింది. ఆ సప్పుడికే నిద్ర లేసి పెరిగినోడివి నువ్వు."

అదే ఆయనకు తగలకూడని చోట తగిలింది. పక్కనున్న కుండ ఎత్తి మంట మీద, పలక మీద కలిపి కుమ్మరించాడు.

"ఏంది పెదనాయనా ఈ పని?" అన్నాను.

"నిప్పు ఆర్పినాన్రా. తప్పా?" అన్నాడు, కోటు దులుపుకుంటూ.

నిప్పట! తడిసిన తోలు మోగదని ఆ ఆవరణలో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే. పలక కొట్టేవాని కొడుకు.

అత్త సెనక్కాయల గంప నెత్తిన, పలక చంకన పెట్టుకుని లోపలికి నడిచింది. కానుకల బల్ల ముందు నిలబడి ఒక్క దెబ్బ వేసింది. తడి గోనెసంచిని కొట్టినట్టు 'దబ్' మంది. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆర్గన్ రొప్పు మొదలైంది. ఆమె గంప దించి బయటికి వచ్చేసింది.

"వట్టి గొంతుతోనైనా పాడత్తా," అన్నాను వెనకే పరిగెత్తి.

"పలక లేకుంటే ఆ పాట లేదురా అబ్బోడా. మీ మామ సెయ్యి, నా గొంతు కలిస్తేనే అది."

ఎండబెట్టి మళ్ళీ కాస్తే ఆ పలక మోగేదే. ఆమె దాన్ని అటకెక్కించింది. తర్వాత ఎన్నిసార్లు బతిమాలినా ఒక్క వరుస చెప్పి నోరు మూసుకునేది: "సెనక్కాయ సేనులో సినుకై వస్తివా సామీ." కొన్నేళ్ళకు ఆమె పోయింది. ఆ రోజు పెదనాయన టై పీకి అవతల పారేసి, అటక మీది పలక దించి, తానే మంట వేసి కాచి, సమాధుల తోట దాకా ఏడుస్తూ వాయించాడు. ఆయన కన్నీళ్ళకు మా వీధి కాలువ పొంగింది.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను ఆపి, "అన్నా, మీ అత్తమ్మ పాటలు కట్టేదంట గదా. ఒకటియ్యండి, మన పిల్లోళ్ళు పాడతారు," అన్నారు. ఆ ఒక్క వరుసా చెప్పాను. "ఆ, తర్వాత?" అని పెన్ను పట్టుకుని నిలబడ్డారు.

ఇక నేను కల్పించిందేదో చెప్పేయాలి. ఆర్గన్ బస్సంత లేదు, గంజి అంత లేదు. అవి పెంచినవి. శుద్ధంగా కల్పించింది ఒక్కటే: పెదనాయన పలక వాయించలేదు. టై విప్పలేదు. ఏడవలేదు. దొరల రాగంలో మూడు చరణాలు సాగదీసి, సొంత చెల్లెల్ని మట్టిలో పెట్టి ఇంటికొచ్చి భోంచేశాడు. కాలం మా సంఘాన్ని మార్చింది, కాదనను. అది తీరిగ్గా మారేదాకా మా అత్త బతికి ఉండలేకపోయింది, అంతే.