పుస్తకంలో లేని తీసివేత

కరోనా తర్వాత హైటెక్ సిటీ ఆఫీసులు మళ్ళీ నిండుతున్న రోజుల్లో, నా పదవీ విరమణకు రెండేళ్ళు ఉందనగా, మా చిప్ డిజైన్ కంపెనీ నాకు ఒక చిన్న పని అప్పజెప్పింది. నా హోదా వాలిడేషన్ మేనేజర్. అంటే తయారై వచ్చిన చిప్‌ను బోర్డు మీద పెట్టి, చేయవలసిన పని చేస్తోందో లేదో తేల్చడం. డిజైన్ చేసేవాళ్ళు వేరు, మేము వేరు. వాళ్ళ దృష్టిలో మేము అత్తగారి లెక్క. వంక పెట్టడమే మా ఉద్యోగం కదా మరి.

ఈసారి తేల్చవలసిన చిప్, 8085 అనే పాత మైక్రోప్రాసెసర్ స్థానంలో పెట్టడానికి చేస్తున్నది. ఇంజినీరింగ్ చదివిన మా తరంలో 8085 తెలియనివాళ్ళు ఉండరు. నలభై కాళ్ళ నల్లటి ముక్క. కాళ్ళు చాలక, ఒకే ఎనిమిది తీగల మీద ముందు మెమొరీ చిరునామాలో సగం, వెంటనే సమాచారం వెళ్ళేలా మలిచారు. ఆ పొదుపు చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన నేను కాలేజీ ల్యాబ్‌లో దాని చేత రెండు అంకెలు కూడించి, ఆ జవాబు చూసిన మురిపెంతోనే ఈ వృత్తిలో పడ్డాను.

మా ఖాతాదారు యాదగిరి. జీడిమెట్లలో చిన్న షెడ్డు. పప్పులు, ఉప్పు తూచి పొట్లాలు నింపే యంత్రాలు చేస్తాడు. లోపల ఉండేది 8085. ప్రోగ్రాం రాసింది వాళ్ళన్న. ఆయన కాలం చేశాడు. అసలు చిప్‌లు దొరకడం మానేశాయి. బజారులో వచ్చేవి పాతవాటి మీద రాత చెరిపి కొత్తగా ముద్రించినవి. పోనీ కొత్త చిప్‌కు మారదామంటే ప్రోగ్రాం మార్చాలి. తూకపు యంత్రంలో ప్రోగ్రాం మారితే తూనికలు కొలతల శాఖ ఆమోదం మళ్ళీ మొదటినుంచి తెచ్చుకోవాలి. అంతకాలం పని లేకుండా నిలబడే స్థితి ఆ షెడ్డుకు లేదు.

"మా అన్న రాసింది ముట్టకుండ నడవాలె మేడమ్. జర గదొక్కటి సూడుండ్రి" అన్నాడు మొదటిసారి వచ్చినప్పుడు. నడిచే యంత్రం ఒకటి తెచ్చి, అసలు చిప్‌తో సహా మా ల్యాబ్‌లో పెట్టి వెళ్ళాడు.

అంత చిన్న పనికి ప్రత్యేకంగా ఫ్యాక్టరీలో చిప్ అచ్చు వేయించే ఖర్చు ఎవరి తరమూ కాదు. మేము వేరే పని కోసం చేయిస్తున్న పరీక్ష చిప్‌లో ఒక మూల ఖాళీ ఉంటే, మా డైరెక్టర్ పాత చిప్ మీద అభిమానంతో అది ఇచ్చాడు. ఒక్కసారే, ఆ ఒక్క మూలే.

డిజైన్ చేసింది భాస్కర్ బృందం. వాళ్ళు చేతకానివాళ్ళేమీ కాదు. మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. తయారీదారు ఇచ్చిన పుస్తకాన్ని స్పెక్ అంటాం. అది చదివి ఒకరు చిప్ డిజైన్ చేస్తారు. అదే చదివి ఇంకొకరు కంప్యూటర్‌లో ఒక నమూనా రాస్తారు. దాన్ని గోల్డెన్ మోడల్ అంటాం. రెండింటికీ ఒకే పరీక్ష పెట్టి జవాబులు కలిస్తే పాస్. ఇక్కడ లక్షల పరీక్షలు కలిశాయి. డిజైన్ అచ్చుకు వెళ్ళింది.

చిప్‌లు వచ్చాక యాదగిరిని పిలిచాం. పెసరపప్పు సంచితో వచ్చాడు. కొత్త చిప్ పెట్టగానే అంకెలు వెలిగాయి, పప్పు తూచే తొట్టి కదిలింది, పొట్లాలు దిగాయి. "ఇగ ఫికర్ లేదు" అని అందరితో చేతులు కలిపాడు. తర్వాత పొట్లాలను వేరే త్రాసులో పెట్టి చూస్తే ప్రతిదీ తక్కువే తూగింది. ప్రతిదానిలో తరుగు సరిగ్గా ఖాళీ తొట్టి బరువంత.

అతని ముఖం మాడిపోయింది. "మా అన్న తప్పు రాసిండా మేడమ్?" అని అడిగాడు. చూసి చెబుతానన్నాను.

కారణం దొరకడానికి ఎంతో సేపు పట్టలేదు. మొత్తం బరువులోంచి తొట్టి బరువు తీసేసే చోట వాళ్ళన్న ఒకే ఒక్క ఆజ్ఞ వాడాడు. రెండు పెద్ద సంఖ్యలను ఒక్క దెబ్బతో తీసివేసే ఆజ్ఞ. అది 8085 లోపల ఉంది, పుస్తకంలో లేదు. అలాంటివి పది ఉన్నాయి. తర్వాతి తరం చిప్‌లలోనూ వాటిని కొనసాగించాల్సి వస్తుందని తయారీదారు వాటిని పుస్తకంలోకి ఎక్కించలేదని చెప్పుకుంటారు. ఆ రోజుల్లో ఇంజినీర్లు తవ్వి కనుక్కుని ఒకరికొకరు చెప్పుకున్నారు. పుస్తకంలోని ఆజ్ఞల పట్టికలో ఆ గళ్ళు ఖాళీగా ఉన్నాయి కనుక మా చిప్ అక్కడ ఏమీ తీసివేయకుండా ముందుకు పోయి, తొట్టి బరువును కూడా పప్పు కిందే లెక్కగట్టింది. గోల్డెన్ మోడల్ కూడా ఆ ఆజ్ఞ దగ్గర అంతే చేసింది. ఒకే పుస్తకం చూసి రాసిన రెండు జవాబులు కలవక ఏమవుతాయి?

"స్పెక్‌లో లేదండి. లేనిది వాడటం ఆయన తప్పే కదండీ" అన్నాడు భాస్కర్.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అసలు చిప్ మన బల్ల మీదే ఉంది కదయ్యా. దాన్ని ఒక్కసారి అడిగితే నీ సొమ్మేం పోయేది?" అన్నాను. అతనొక్కడిని అని లాభం లేదు. డిజైన్ సమీక్షలో కూర్చున్నవాళ్ళలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు.

మరో మూల కోసం డైరెక్టర్‌ను అడిగాను. తర్వాతి చిప్‌లో చోటు లేదన్నారు. ముగింపు నివేదికలో పైవాళ్ళు "ఖాతాదారు ప్రోగ్రాంలో చెల్లని ఆజ్ఞలు ఉన్నాయి" అని రాశారు. ఆ వాక్యం తీయమని రెండుసార్లు రాశాను. తీయలేదు. చనిపోయిన మనిషి మీదికి నెట్టేసి చేతులు దులుపుకున్నారు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

యంత్రం తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు యాదగిరికి ఉన్నమాట చెప్పాను. మీ అన్న సరిగ్గానే రాశాడు, ఆ చిప్ మాకంటే ఆయనకే బాగా తెలుసు, తప్పు మాది అని. "గట్లనా. సాలు మేడమ్" అని ట్రాలీ తోసుకుంటూ లిఫ్టు వైపు వెళ్ళాడు. ఆ ఏడాదే షెడ్డు మూసేశాడు.

పాత చిప్‌కు బదులు చిప్ చేసేటప్పుడు పుస్తకంతో పాటు అసలు చిప్‌ను కూడా పక్కన పెట్టి, సాధ్యమైన ప్రతి ఆజ్ఞనూ దానిచేత చేయించి పోల్చాలి. నేను దిగిపోయేలోపు దీన్ని కంపెనీ నియమాల్లో చేర్పించాను. ఇప్పటికీ అక్కడ ఆ నియమం ఉందట. దాన్ని పాటించి చేయవలసిన పని మాత్రం మళ్ళీ రాలేదు.