పిన్ని కుదురుగా కూర్చోని వేసవి

మొన్న పనిమీద అమలాపురం వెళ్ళి, తిరుగు బస్సు కోసం నిలబడి నిలబడి కాళ్ళు లాగి, బస్టాండు ఎదురుగా ఉన్న మిఠాయి కొట్టులో పాకుండల పొట్లం ఒకటి కొన్నాను. అవి గట్టిగా ఉన్నాయి, కొబ్బరి ముక్క పంటికి తగల్లేదు, ఏలకుల వాసన మాత్రం దండిగా కొట్టింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒకటి కొరికానో లేదో, ఇక రాజోలు చేరేదాకా ఆ సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. అరవై దాటి, పంతులమ్మగా రిటైరై, ఇంట్లో విశ్రాంతిగా ఉన్న మనిషిని ఒక పిండివంట ఇంత అల్లరి పెడుతుందా అని మీరు నవ్వుకోవచ్చు. నా ఈడువాళ్ళు మాత్రం నవ్వరనుకుంటాను. మన చిన్నప్పటి వేసవుల్లో పిండివంటలతో పాటు ఇంకా చాలా ఉడికేవి కదా.

నాకప్పుడు పదకొండేళ్ళు. నాన్న మిషన్ బడిలో మాస్టారు. రాజోలుకి ఇవతల, కాలువ గట్టు మీద మా పెంకుటిల్లు. ఇంట్లో అమ్మ, నాన్న, అమ్మమ్మ, నేను, మా చెల్లి. చెల్లి అంటున్నాను గానీ అది మా అమ్మకి పుట్టిన పిల్ల కాదు, మా పిన్ని కూతురు. బాబాయి జ్వరంతో పోయిన ఏడాదే పిన్ని కువైట్లో ఒక ఇంట్లో పనికి కుదిరి వెళ్ళిపోయింది. అప్పటికి చెల్లికి రెండేళ్ళు కూడా నిండలేదు. వెళ్ళేనాడు దాన్ని నిద్రపుచ్చి అమ్మ పక్కలో పడుకోబెట్టి వెళ్ళిందని అమ్మమ్మ చెప్పేది. నిద్రలేచిన పిల్ల పక్కనున్న మనిషిని అమ్మా అంది, ఇక ఆ పిలుపు మారలేదు. గోడకి పిన్ని ఫొటో ఉండేది. అదెవరే అని అడిగితే కువైట్ అమ్మ అనేది, ఆ రెండు మాటలూ ఒకే పేరన్నట్టు, చాలా మామూలుగా.

నాలుగేళ్ళకి, ఆ వేసవిలో, పిన్ని నెల రోజుల సెలవు మీద వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. అది వచ్చినప్పటి నుంచీ ఇంట్లో ఎవరికీ నిలకడ లేదు. మండపేట నుంచి పెద్దమ్మ, రైసు మిల్లులో గుమాస్తాగా పనిచేసే పెద్దనాన్నని వదిలిపెట్టి, ముగ్గురు పిల్లలతో పది రోజుల ముందే దిగింది. ఐ.పోలవరం నుంచి మావయ్య రొయ్యలూ మామిడిపళ్ళూ మోసుకొచ్చి, ఇవాళ వెళ్ళిపోతాను రేపు వెళ్ళిపోతానంటూ అక్కడే ఉండిపోయాడు. మధ్యాహ్నాలు మేం పిల్లలం ముంజెలు తింటూ, పనసతొనలకి కొట్టుకుంటూ, ఎండకి ఎర్రబడి ఇంట్లోకీ బయటికీ తిరుగుతూ ఉంటే, అమ్మమ్మ అరుగు మీద కూర్చుని విసనకర్రతో అందినవాడికి అందినట్టు ఒకటి తగిలించేది.

నాన్న రాజమండ్రి వెళ్ళి పిన్నిని తీసుకొచ్చారు. రిక్షాలోంచి ముందు ఒక పెద్ద పెట్టె దిగింది. అంత పెద్ద పెట్టె మా వీధిలో ఎవరూ చూసి ఉండరు. దాని వెనక పిన్ని దిగింది. ఫొటోలో కన్నా చిక్కిపోయి ఉంది, ఒంటినుంచి మాకు తెలియని సబ్బు వాసన వస్తోంది. వాకిట్లో అంతమంది ఉన్నా ఆవిడ కళ్ళు కిందికే, పిల్లల ఎత్తులోనే వెతుకుతున్నాయి. చెల్లి నా పరికిణీ పట్టుకుని నా వెనక్కి జరిగింది. అమ్మ దాన్ని ముందుకి తోసి, చూడవే, అమ్మ వచ్చింది అంది. చెల్లి పిన్నినీ అమ్మనీ మార్చి మార్చి చూసి, మళ్ళీ నా వెనక్కే వచ్చేసింది. పిన్ని నవ్వి, ప్రయాణం దుమ్ము, ముందు స్నానం చేస్తానంది.

మర్నాటి నుంచి మాకు తెలిసొచ్చింది ఏమిటంటే, పిన్నికి కూర్చోవడం చేతకాదని. తెల్లవారకుండా లేచి వాకిలి ఊడ్చేది, తోమిన గిన్నెలు మళ్ళీ తోమేది, మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెట్టేది. అన్నానికి పిలిస్తే అందరి విస్తళ్ళూ అయ్యేదాకా గోడ పక్కన నిలబడేది. ఒకరోజు అమ్మమ్మ ఉండబట్టలేక చెయ్యి పట్టుకు లాగింది.

"కాసేపు కూచోవే తల్లీ. ఇది మనిల్లేనే, ఎవరూ ఏమీ అనరు."

"కూచుంటే ఎవరో పిలుస్తున్నట్టే ఉంటదమ్మా," అంది పిన్ని, అప్పటికే సగం లేచి.

ఆ మధ్యాహ్నమే, నేను తలుపు చాటున మామిడిటెంక చీకుతూ ఉండగా, పిన్ని అమ్మమ్మతో అన్న మాట నా చెవిన పడింది. ఈసారి నా పిల్లని నాతో తీసుకెళ్ళిపోగలిగితే ఎంత బావుణ్ణమ్మా అని. అది ఎలాంటి మాటో, పరాయింట్లో వంటగది పక్కన పడుకునే మనిషికి అది తీరే కోరికేనో కాదో, ఇప్పుడైతే నాకు తెలుసు. అప్పుడు నాకు వినిపించింది ఒకటే, చెల్లిని తీసుకెళ్ళిపోతుందని. నా పక్కలో పడుకుని, నా జడ వేలికి చుట్టుకుంటే గానీ నిద్రపోని పిల్లని. ఆ పెట్టె ఎందుకంత పెద్దదో కూడా అప్పుడే అర్థమైనట్టనిపించింది.

ఆ సాయంత్రం పెరట్లో కొబ్బరికాయలు ఒలిచిన పీచు డొక్కలు పోసే పాక వెనక్కి చెల్లిని తీసుకెళ్ళి చెప్పేశాను. కువైట్ అమ్మ నిన్ను ఆ పెట్టెలో పెట్టి తాళం వేసి తీసుకెళ్ళిపోతుంది, దగ్గరికి పిలిస్తే వెళ్ళకు, అమ్మా అన్నావంటే ఇంక అంతే అని. అది ఏడవలేదు. నోరు గట్టిగా మూసుకుని తలూపింది. నా మాట మీద దానికంత గురి.

ఆ తర్వాత పిన్ని ఏం చేసినా చెల్లి దగ్గరికి రాలేదు. గౌను ఇస్తే దూరం నుంచి చెయ్యి చాపి అందుకునేది. కళ్ళు మూసి తెరిచే బొమ్మనిస్తే దాన్ని పెద్దమ్మ కూతురికి ఇచ్చేసింది. అలవాటవుతుందిలే, చిన్నపిల్ల అని అందరూ అనేవారు. పిన్ని అవునని తలూపి మరో పని వెతుక్కునేది. నాకు మొదట్లో గెలిచినట్టే ఉండేది. ఆ గెలుపు ఎన్నాళ్ళో నిలవలేదు.

ఒక ఆదివారం ఆరాధనయ్యి గుడి నుంచి వచ్చాక పొట్టిక్కలు వండుకున్నాం. పిల్లలందరం చుట్టూ చేరి పనసాకుల్ని ఈనుపుల్లలతో గుచ్చి బుట్టలు కడుతుంటే, పెద్దమ్మ వాటిలో మినప్పిండి పోసి ఆవిరికి పెట్టింది. ఎవరి బుట్ట బాగుందని ఒకటే గోల. చెల్లి కట్టింది ఒక పక్కకి ఒరిగిపోయి, పిండి కారిపోయి, చూడ్డానికి నవ్వొచ్చేలా ఉంది. అందరికీ వడ్డించడం అయ్యాక పిన్ని దాకలోకి వంగి, ఉన్నవాటిలో వెతికి వెతికి, ఆ ఒరిగిపోయినదాన్నే తీసుకుని, ఎవరూ చూడటం లేదనుకుని వంటింటి గడప దగ్గర నిలబడి, ఆకుకి అంటుకున్న పిండి కూడా వేలితో గీరి తింది. నేను చూశాను. నా విస్తట్లో ఉన్నది అలాగే వదిలేశాను. చెల్లికి నిజం చెప్పేద్దామని ఆ రోజు నాలుగుసార్లు లేచాను, నాలుగుసార్లూ కూర్చున్నాను. చెబితే అది పిన్ని దగ్గరికి వెళ్ళిపోతుంది, పిన్ని దాన్ని తీసుకెళ్ళిపోతుంది. చెప్పకపోతే ఇలా. రోజులు అయిపోతున్నాయి.

పిన్ని వెళ్ళే ముందురోజు పాకుండలు చేశారు, చాలా రోజులు నిలవుంటాయని, అక్కడ పనయ్యాక ఒకటీ అరా తింటుందని. బియ్యం రాత్రే నానబోసి, పొద్దున్నే అమ్మా పెద్దమ్మా వంతులవారీగా దంచుతుంటే, తడిపిండి వాసన, బెల్లం పాకం వాసన ఇల్లంతా నిండిపోయాయి. మేం పిల్లలం కొబ్బరి ముక్కలు దొంగిలించడం, అమ్మమ్మ మమ్మల్ని తరమడం. నడవలో మంచం మీద పెట్టె తెరిచి ఉంది. అందులో తెచ్చినవన్నీ పంచేసింది కాబట్టి ఖాళీగా, లోపల ఎర్రటి గుడ్డతో, అచ్చం ఒక పిల్ల పట్టేంత. చెల్లి ఆ దారినే వెళ్తుంటే, పాలపొడి డబ్బాలో పాకుండలు నింపుకుని వస్తున్న పిన్ని, ఆ నెలలో ఎన్నోసారో, మళ్ళీ పిలిచింది.

"ఇలా రామ్మా. ఇందులో సర్దేద్దాం."

ఆ డబ్బా గురించే అంది పాపం. చెల్లి పరుగెత్తి వెళ్ళడం నేను చూశాను. ఎప్పట్లాగే తప్పుకుందనుకున్నాను.

భోజనాల వేళకి అది లేదు. పక్కిళ్ళల్లో అడిగాం. మా పిల్ల ఇటేమైనా వచ్చిందాండీ అని అమ్మ గుమ్మం గుమ్మానికీ వెళ్తుంటే, లేదండీ, ఇటు రాలేదండీ అని వాళ్ళూ చేతిలో పని వదిలేసి మా వెంట బయల్దేరారు. వేసవిలో కాలువలు కట్టేస్తారని మనకి తెలిసిందే. నీళ్ళుండవు గానీ, అక్కడక్కడా గుంటల్లో మనిషి లోతు నిలిచిపోతాయి. మావయ్య లుంగీ ఎగ్గట్టి ఒక గుంటలోకి దిగాడు. మావయ్య చేతులు నీళ్ళల్లో తడుముతున్న చప్పుడొక్కటే. పిన్ని కాళ్ళకి చెప్పుల్లేకుండా ఆ ఎండలో గట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతోంది. అమ్మ ఒక చెట్టుకి ఆనుకుని నేల మీద కూలబడిపోయింది.

నేనింక ఆగలేకపోయాను. గట్టు చివర ఒక్కతే ఉన్న పిన్ని దగ్గరికి పరుగెత్తి, కొంగు పట్టుకుని, పెట్టె సంగతీ నేను చెప్పిన అబద్ధం సంగతీ అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. నా భుజాలు రెండూ పట్టుకుని నా మొహంలోకి చూసింది. ఆ చూపులో నేనెదురుచూసిన కోపం లేదు. ఆ నెల రోజుల్లో మొదటిసారి ఆవిడ మొహం తేటపడింది.

"నాకు భయపడి వెళ్ళిందా? అయితే నీళ్ళల్లో పడలేదే. దాక్కుంది." ఒక్క క్షణం ఆగి అంది, "నా నుంచి దాక్కోవాలంటే ఎక్కడికెళ్తదో నీకే తెలుస్తది. చెప్పు."

నాకు తెలుసు. ఎక్కడ భయం చెప్పానో అక్కడే. డొక్కల పాక వెనక, గోడకీ డొక్కల రాశికీ మధ్య ఉన్న సందులో, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని కూర్చుని ఉంది. చెమటకి జుట్టంతా నుదుటికి అంటుకుపోయి, పీచు నలుసులతో నిండిపోయింది. పిన్నిని చూడగానే ఇంకా లోపలికి జరిగింది. పిన్ని చెయ్యి చాపలేదు. నాలుగడుగుల దూరంలో, ఆ మట్టిలోనే, కాళ్ళు బారచాపుకుని కూర్చుంది.

"నిన్ను తీసుకెళ్ళనమ్మా," అంది మెల్లిగా. "రేపు పొద్దున్న బస్సుకి నేనొక్కదాన్నే వెళ్ళిపోతాను. నువ్వు ఇక్కడే ఉంటావు, అమ్మ దగ్గరే."

చెల్లి మోకాళ్ళ మీంచి తల కాస్త ఎత్తింది. "ఒట్టు?" అంది.

"ఒట్టు."

అది బయటికొచ్చింది. ముందు నా పక్కన నిలబడింది. తర్వాత, ఇక ప్రమాదం లేదని నమ్మకం కుదిరాక, నెమ్మదిగా పిన్ని దగ్గరికి నడిచింది. పిన్ని దాని జుట్టులోంచి ఒక్కో పీచు నలుసూ ఏరుతూ ఉంటే ఊరుకుంది. కాసేపటికి ఒళ్ళో కూర్చుంది. సాయంత్రం దాకా దిగలేదు. అమ్మమ్మ నాలుగు పాకుండలు తెచ్చిస్తే, పిన్ని చిన్న ముక్కలు చేసి పెడుతుంటే తిన్నది, కొబ్బరి ముక్క తగిలినప్పుడల్లా తీసి పిన్నికే చూపించి మళ్ళీ నోట్లో వేసుకుంటూ. పిన్ని కదల్లేదు. మావయ్య వచ్చి ఏమైందని అడిగితే, ఆడుకుంటూ నిద్రపోయిందంట అని చెప్పింది, నా వైపు చూడకుండా. మర్నాడు బస్సెక్కేటప్పుడు నా నెత్తి మీద చెయ్యి వేసి, చెల్లిని చూసుకో అంది, అంతే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ ఎప్పటికీ తెలియలేదు.

తర్వాత పిన్ని మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఒకసారి వచ్చి వెళ్ళేది. చెల్లి నర్సు ట్రైనింగయి ఉద్యోగంలో చేరాక గానీ పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పుడు కాకినాడలో దాని దగ్గరే ఉంటోంది. చెల్లి ఆవిణ్ణి బాగా చూసుకుంటుంది. మందులు వేళకి తనే ఇస్తుంది, తల తనే దువ్వుతుంది. కాని పిలుపు మాత్రం కువైట్ అమ్మే. దాని పిల్లలకి కువైట్ అమ్మమ్మ. ఆ దేశం వదిలి ఇన్నేళ్ళయినా ఆ పేరు వదల్లేదు. మా అమ్మ పోయినప్పుడు చెల్లి, అమ్మా అమ్మా అని ఏడుస్తుంటే, పిన్నే దాన్ని పట్టుకుని ఓదార్చింది.

పోయినేడు కాకినాడ వెళ్ళినప్పుడు, ఇద్దరమే ఉన్న సమయం చూసి, పిన్నీ, నన్ను క్షమించు అన్నాను. దేనికో చెప్పనక్కర్లేకపోయింది. చిక్కుళ్ళు ఒలుస్తున్న చెయ్యి ఆగలేదు.

"నువ్వలా చెప్పుండకపోతే ఆ పూటన్నా నా ఒళ్ళో కూచునేదా అది?" అంది.

నన్ను ఊరడించడానికి అందో, నిజంగానే అలా అనుకుంటోందో, నాకిప్పటికీ తెలియదు.

అలాంటి వేసవులు ఇప్పుడు లేవు. మండపేటవాళ్ళు ఏ పెళ్ళికో కారులో వచ్చి, భోజనం చేసి, పొద్దు వాలకుండా వెళ్ళిపోతారు. కువైట్లూ మస్కట్లూ వెళ్ళే ఆడపిల్లలు మాత్రం మా ఊళ్ళో తగ్గలేదు. మా పక్కింటావిడ మనవరాలు రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతుంది. చెప్పడానికి ఏమీ లేకపోయినా ఊరికే అమ్మా, అమ్మా, ఇటు చూడమ్మా అని పిలుస్తూనే ఉంటుంది. అవతల ఆ పిల్ల తల్లి, పనిలో ఉందేమో, ఎన్నిసార్లు పిలుస్తావే అని విసుక్కుంటుంది. ఆ విసుగు నా చెవిన పడ్డప్పుడల్లా చేతిలో పని ఆగిపోతుంది. ఆ పిలుపుకి ఒక్కసారైనా విసుక్కోవడం మా పిన్నికి రాసిపెట్టి లేదు.