తెరిచి చూడని బ్యాకప్

2022లో, శ్రావణమాసం ఇంకా మూడు వారాలుందనగా జరిగిన సంగతి ఇది. విజయవాడ పటమటలో ఒక చిన్న హోస్టింగ్ కంపెనీ మాది. కింద మందుల షాపు, పైన మేం నలుగురం. మనుషుల వెబ్‌సైట్లన్నీ ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లలో, అంటే సర్వర్లలో ఉంటాయి. వాటికి జబ్బు చేయకుండా చూసుకోవడం నా ఉద్యోగం. భవానీపురంలో మా చర్చిలో ఎవరైనా "ఏం పని చేస్తావమ్మాయ్?" అని అడిగితే "కంప్యూటర్లకి వాచ్‌మన్ని" అని చెప్పేసేదాన్ని. తొమ్మిదేళ్ళుగా అదే జవాబు.

మా క్లయింట్లలో నాకు బాగా ఇష్టమైన మనిషి పద్మావతి గారు. కంకిపాడులో చేనేత చీరల దుకాణం ఆవిడది. అత్తవారిది మగ్గాల కుటుంబం. ఆవిడ మామగారు జీవితమంతా గ్రాఫ్ కాగితాల మీద, గడి గడికీ పెన్సిల్‌తో చుక్క పెట్టి, చీర అంచులూ బుటాలూ గీశారు. ఆయన పోయాక ఆ కాగితాల పెట్టెకు చెదలు పట్టింది. ఆవిడ లబోదిబోమంటూ మిగిలినవన్నీ ఫోటో స్టూడియోకి పట్టుకెళ్ళి స్కాన్ చేయించారు. స్కానింగ్ అయ్యేసరికి కాగితాలు చేతిలోనే పొడైపోయాయట. ఆ స్కాన్లు ఆవిడ వెబ్‌సైట్లో పెట్టాం. చుట్టుపక్కల ఊళ్ళ నేతగాళ్ళు ఫోన్లో తెరిచి, గడులు లెక్కపెట్టుకుని మగ్గం ఎక్కించేవారు. ఇంకో ప్రతి ఎక్కడా లేదు. మా బ్యాకప్‌లో తప్ప, అని నేను అనుకునేదాన్ని.

ఆవిడ సైట్ ఉన్న సర్వర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్‌ను మేం కంట్రోల్ ప్యానెల్ అంటాం. సైట్లూ, మెయిళ్ళూ, పాస్‌వర్డులూ అన్నిటి పెత్తనం దానిదే. అది పాతబడింది. పాత వెర్షన్‌కు ఇక రక్షణ మరమ్మతులు రావని కబురొచ్చింది. అంటే దొంగలకు తలుపు తీసిపెట్టినట్టే. అప్‌డేట్ చేసి తీరాలి. బుధవారం మధ్యాహ్నం పన్నెండుకు పెట్టుకున్నాను. నేతగాళ్ళు భోజనాలకు లేచే వేళ, సైట్ కాసేపు ఆగినా ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పద్మావతి గారు "నా కళ్ళముందే చెయ్యమ్మా" అంటూ పదకొండున్నరకల్లా డబ్బా నిండా సున్నుండలతో దిగారు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, తెర వంక చూసి పెదవి విరిచారు.

"ఇదేంటమ్మా సునీతా, నల్లగా ఉంది? బొమ్మల్లేవు, బటన్లు లేవు."

"కమాండ్ లైన్ అంటారండీ. ఏం కావాలో టైపు చేసి చెప్పడమే."

"ఆ పక్కనున్న రెండో తెర మీద నీలం రంగు బటనుందిగా, అది నొక్కితే అవదా?"

అవుతుంది. అయినా నేను నొక్కను. ఆ బటన్ ఉన్న పేజీని చూపించేది ఆ కంట్రోల్ ప్యానెలే. అప్‌డేట్ నడుమ అది తనను తాను ఆపుకుంటుంది, పేజీ కూడా ఆగిపోతుంది, లోపల ఏమైందో చెప్పే దిక్కుండదు. కమాండ్ లైన్లో అయితే ప్రతి అడుగూ వరసగా కనిపిస్తుంది, తేడా వస్తే ఏ వరసలో వచ్చిందో తెలుస్తుంది. పైగా నేను స్క్రీన్ అనే చిన్న ప్రోగ్రామ్ లోపల ఆ పని మొదలుపెడతాను. ఇక్కడ మా కరెంటు పోయినా అక్కడ సర్వర్లో పని తన మానాన తాను సాగుతుంది.

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా వేళ్ళు కీబోర్డు మీద పెట్టాను. ఆవిడ గబుక్కున నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇవాళ బుధవారం కదూ? పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం. ఒద్దమ్మా."

"సర్వర్‌కి రాహుకాలం ఏంటండీ?"

"సర్వర్‌కి కాదు. మా మామయ్యగారివి ఉన్నాయిగా లోపల."

నాకు చిర్రెత్తుకొచ్చింది. మా ఇంట్లో రాహుకాలం మాటే వినపడదు, ఏ పనికైనా ఒక ప్రార్థన చేసుకుని మొదలుపెట్టేస్తాం. గంటన్నర దండగ అని లోలోపల గొణుక్కున్నాను. కానీ న్యాయంగా చెప్పాలంటే, శుక్రవారం నాడు చచ్చినా అప్‌డేట్ చేయకూడదని మా వృత్తిలోవాళ్ళకూ ఒక పట్టింపు ఉంది. శని, ఆదివారాలు పాడవుతాయని దానికి మేం చెప్పుకునే కారణం. సరే, ఆగుదామన్నాను. సున్నుండ ఒకటి నోట్లో వేసుకున్నాను.

ఆవిడకు ఊరికే కూర్చోవడం రాదు. "బ్యాకప్పు, బ్యాకప్పు అంటావే, అదెక్కడుంటుంది? ఒకసారి చూపించు" అన్నారు. నాకూ గొప్పగానే అనిపించింది. మా బ్యాకప్ వేరే ఊళ్ళో, వేరే మెషీన్లో ఉంటుందనీ, తేడా వస్తే అందులోంచి తెచ్చుకుంటామనీ చెబుతూ దాన్ని తెరిచాను. డిజైన్ల ఫోల్డర్‌లోకి వెళ్ళాను.

అందులో ఒకే ఒక్క వరుస ఉంది. పేరు, ఒక బాణం గుర్తు, ఇంకో చోటి చిరునామా. అంతే. ఒక్క బొమ్మ లేదు.

చూడగానే అర్థమైంది. రెండేళ్ళ కిందట సర్వర్‌లో డిస్క్ నిండిపోతే, స్కాన్లన్నీ కొత్త డిస్క్‌లోకి మార్చి, పాత చోట ఒక లింక్ పెట్టాను. ఇల్లు మారినవాళ్ళు పాత తలుపు మీద కొత్త అడ్రసు రాసిపెట్టినట్టు. బ్యాకప్ రోజూ వచ్చి, ఆ తలుపు మీది కాగితాన్ని మాత్రం శ్రద్ధగా రాసుకుని పోయింది. ఇంట్లో సామాను జోలికి పోలేదు. ఉదయాన్నే 'బ్యాకప్ విజయవంతం' అని మెయిల్ వచ్చేది. రెండేళ్ళపాటు ఆ మెయిల్ చూసి నేను కాఫీ తాగాను.

అప్‌డేట్ మొదలై, ఏదైనా అయి, బ్యాకప్ కోసం చెయ్యి చాపి ఉంటే? ఆ పెద్దాయన జీవితకాలపు పని నా చేతుల మీదుగా పోయేది.

"ఏంటమ్మా, ఏమీ కనపట్లేదు?" అన్నారావిడ.

"లోడ్ అవుతోందండీ" అన్నాను.

అబద్ధం. ఆవిడకు ఆ బాణం గుర్తు అర్థం కాదు. గుట్టుగా ఇప్పుడే కాపీ చేసేసి, ఒకటిన్నరకు అప్‌డేట్ చేసి పంపించేస్తే ఎవరికీ తెలియదు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. తిరిగొచ్చేసరికి ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, తెరకు మొహం ఆనించినంత దగ్గరగా వంగి, మామగారి బొమ్మల కోసం చూస్తున్నారు. ఇక నా వల్ల కాలేదు.

"లోడ్ అవడం కాదండీ. అందులో మీ డిజైన్లు లేవు."

"అంటే? మామయ్యగారివి పోయినయ్యా?"

"పోలేదండీ, పోలేదు. అసలువి సర్వర్లో భద్రంగానే ఉన్నాయి. కాపీయే లేదు. రెండేళ్ళ నుంచి లేదు. తప్పు నాదే, డిస్క్ మార్చినప్పుడు చూసుకోలేదు."

ఆవిడ సున్నుండల డబ్బాకు మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టారు. నా ఉద్యోగం గురించి కాదు, నిజంగా, ఆవిడ లేచి వెళ్ళిపోతారేమోనని భయపడ్డాను.

"మగ్గం మీద పోగు తెగుద్దమ్మా. రోజూ తెగుద్ది" అన్నారు చివరికి. "తెగిందని చెప్పకుండా నేసుకుపోయినోడి మీద మా మామయ్యగారికి ఒళ్ళు మండేది. చెప్పినోణ్ణి ఏమీ అనేవారు కాదు. ముడేసుకుని నేసుకో అనేవారు. ముందు ముడెయ్యి."

వేశాను. కొత్త డిస్క్‌లోని స్కాన్లన్నీ వేరే మెషీన్‌కు కాపీ చేశాను. రెండు వైపులా ఫైళ్ళ లెక్క సరిపోయింది. అయినా ఇక లెక్కలను నమ్మే స్థితిలో లేను. ఆ కాపీలోంచి తీసి చూడాలి. "ఏదైనా ఒక డిజైన్ చెప్పండి" అన్నాను.

"వరికంకి అంచు" అన్నారు వెంటనే.

కాపీలోంచి దాన్ని తెరిచాను. గడుల మీద వంగిన కంకులు, మధ్యలో ఆకులు. స్పష్టంగా వచ్చిందో లేదోనని పెద్దది చేసి అన్ని మూలలకూ జరిపాను. కింద ఎడమ మూల, చెదలు తిన్న అంచుకు ఆనుకుని, పెన్సిల్‌తో చిన్న అక్షరాలున్నాయి. ఫోన్లలో ఆ మూల ఎవరికీ కనపడదు. నేతగాళ్ళు చూసేది గడులనే. నేనే పైకి చదివాను: "కోడలికి నచ్చలా. ఆకు సన్నం చెయ్యాలి."

"నచ్చలేదని నేనెప్పుడన్నానమ్మా?" అని ఆవిడ గట్టిగా అడిగారు, నేనేదో నేరం మోపినట్టు. "ఆయన ముందు నోరెత్తి ఎరగను. కాపురానికొచ్చిన ఏడాది. మొదటి చీర మడత విప్పి చూపించారు. బాగుంది మామయ్యగారూ అన్నాను. అంతే అన్నాను." తెర మీది అక్షరాలను వేలితో తాకి, "మొహం చూసి కనిపెట్టుంటారు" అన్నారు. "తర్వాత ఆకు సన్నం చేశారమ్మా, నిజంగానే. గిరాకీ కోసం మార్చారనుకున్నాం అందరం."

నవ్వుతున్నారు, పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకూ ఏడుపొచ్చింది. తొమ్మిదేళ్ళలో నేను 'డేటా' అనే మాట కొన్ని వేలసార్లు వాడి ఉంటాను. అందులో ఒక మామగారు ఉండగలరని ఎన్నడూ తోచలేదు.

ఒకటిన్నర దాటాక అప్‌డేట్ మొదలుపెట్టాను. సగంలో అది ఆగి ఒక ప్రశ్న అడిగింది: ఈ సెట్టింగుల ఫైల్ చేత్తో మార్చినట్టుంది, పాతదే ఉంచాలా, కొత్తది పెట్టాలా? తొందరలో కొత్తది అనేస్తే మేం చేసుకున్న మార్పులన్నీ పోతాయి. పాతదే ఉంచమన్నాను. వరుసలు మళ్ళీ కదిలాయి. ఇంతలో కరెంటు పోయింది. మా యూపీఎస్ బ్యాటరీ అప్పటికే నీరసపడి ఉంది, రెండు నిమిషాల్లో ఇంటర్నెట్ కూడా పోయింది. లాప్‌టాప్ తెర మీద వరుసలు బిగుసుకుపోయాయి.

"అయిపోయిందా మన పని?" అన్నారు పద్మావతి గారు.

"పని ఇక్కడ జరగట్లేదండీ, అక్కడ జరుగుతోంది" అన్నాను. ఫోన్‌లోంచి ఇంటర్నెట్ తీసుకుని సర్వర్‌లోకి వెళ్ళి, ఆ స్క్రీన్ ప్రోగ్రామ్‌ను మళ్ళీ తెరిచాను. మేం కంగారు పడుతున్నంతసేపూ అది నింపాదిగా పని చేసుకుపోయింది. చివరి వరుసలో 'పూర్తయింది' అని ఉంది. ఆవిడ ఒక నేతగాడికి ఫోన్ చేసి "డిజైన్ వస్తోందా?" అని అడిగారు. "వస్తోందమ్మా, ఎందుకు రాదు?" అన్నాడతను, అన్నం తింటూ.

ఆ రోజు నాకు నేర్పింది అప్‌డేట్ గురించి కాదు. అవి అందరం జాగ్రత్తగానే చేస్తాం. నేను నేర్చుకున్నది, బ్యాకప్ ఉంది అనే మాట నోటివెంట రావాలంటే ముందు అందులోంచి ఒకటి తీసి, తెరిచి, కళ్ళతో చూసి ఉండాలని. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళ చేత మొదటి రోజే అది చేయిస్తాను. లేదని తేలితే, ఆ మాట ముందు ఎవరికి చెప్పాలో కూడా చెబుతాను.

పద్మావతి గారు నెలకోసారి ఫోన్ చేసి ఒక డిజైన్ పేరు చెబుతారు. నేను బ్యాకప్‌లోంచి తీసి, మూలలన్నీ పెద్దవి చేసి పంపుతాను. ఇప్పటిదాకా మూడింటి మీద ఆయన రాత దొరికింది. ఈ నెల అడిగిన దాని మీద ఏమీ లేదు. నాలుగు మూలలూ రెండుసార్లు వెతికి, ఏమీ రాయలేదండీ అని చెప్పాను.

"పర్లేదులేమ్మా, ఉందిగా" అన్నారు.