మాంసం తినని మటన్ అంగడాయన

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. పాకాలలో స్టేషన్ దగ్గర నా క్లినిక్. మటన్ అంగడి మునిరత్నం చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కుతున్నాయని వచ్చాడు. కత్తి మీద పట్టు జారుతోందట. రోజంతా మొద్దు మీదికి వంగి నరికే మనిషి కదా, మెడ నరం నొక్కుకుపోయిందనుకున్నాను. మెడకు కాలర్ రాశాను. పైగా, “ఇంక మాంసం తగ్గించు” అని బుద్ధి చెప్పాను. “సరే సార్” అన్నాడు. ఏం తింటావని నేను అడగనేలేదు. అంగడిని చూసి కంచాన్ని ఊహించుకున్నాను.

రెండు నెలలకు వేలు తెగ్గోసుకుని వచ్చాడు. వెంట భార్య రెడ్డెమ్మ. కుట్లు వేస్తూ, “మాంసం తగ్గించలేదు కదూ?” అని కసిరాను.

రెడ్డెమ్మకు నవ్వాగలేదు. “ఈయనా? మేం నాటుకోడి తింటావుంటే పక్కన చారన్నం తినే మనిషి సార్! పాపకు జొరం తగ్గితే నీచు ముట్టనని కొండకు మొక్కుకున్నాడు. ఆ పాప ఇప్పుడు కాలేజీకి పోతా ఉండాది.”

“మెల్లిగా మాట్లాడే!” మునిరత్నం వరండాలోని జనం వైపు చూశాడు. “అమ్మేవాడే తినడంటే ఎవరు కొంటారు సార్?”

“పాలు, పెరుగు?”

“చిన్నప్పట్నుంచీ పడవు సార్.”

ట్యూనింగ్ ఫోర్క్ తీశాను. తట్టగానే అదిరే చిన్న లోహపు పనిముట్టు అది. చీలమండ మీద ఆనించాను. ఆ అదురు అతనికి తెలియనేలేదు. రక్తపరీక్ష రాశాను. మర్నాడు అతను తెచ్చిన రిపోర్టులో విటమిన్ బి12 అడుగంటి ఉంది. నరాలకు అవసరమైన ఈ విటమిన్ మాంసం, గుడ్లు, పాలలో ఉంటుంది. పప్పుల్లో, కూరగాయల్లో దాదాపు ఉండదు. పాలు తాగే శాకాహారికి కొంతైనా అందుతుంది. ఇతనికి అదీ లేదు. ఆ మాటే చెప్పాను.

“అయితే తినమంటారా?” మునిరత్నం లేచి నిలబడ్డాడు. “చెయ్యి పడిపోయినా సరే, మొక్కు తప్పను సార్.”

“తినక్కర్లేదు. ఇంజెక్షన్లు చాలు. తప్పు నాది, నీ మొక్కుది కాదు.”

“ఆ మందులో నీచుంటాదా?”

“లేదు. కంటికి కనపడని సూక్ష్మజీవులతో తయారుచేస్తారు.”

“అయితే పొడవండి సార్!”

పట్టు మెల్లగా తిరిగొచ్చింది. కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం అంగడికి వెళ్ళాను. జనం కిటకిట. కత్తి పాటకు తాళం వేసినట్టు పడుతోంది. ఎవరో “సార్‌కు ముందియ్యన్నా” అన్నారు.

“సార్ నన్ను రెండు నెలలు మెడకు కాలరేసి ఊరికే తిప్పినాడప్పా, ఈపొద్దు వరసలో నిలబడనీ!” అంటూ మునిరత్నం పక్కటెముక ఒక్క వేటుకు తెంచాడు. “సూడండి సార్!”

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఇప్పుడు పూజారి వచ్చినా, పహిల్వాన్ వచ్చినా, నిన్న ఏం తిన్నారో వాళ్ళ నోటితో చెప్పేదాకా నేను పెన్ను మూత తియ్యను.