పదకొండు చీరల బొంత

దేముడమ్మకి కోపం రాదని ఆ వీధిలో అందరి నమ్మకం. ఎవరేమన్నా ఒక నవ్వు నవ్వేసి, వసారాలో గోడకి చేరగిలబడి, ఒళ్ళో గుడ్డముక్కలు పోసుకుని కూర్చుంటుంది. గజపతినగరం దాటాక మెయిన్ రోడ్డుకి కిలోమీటరు లోపలున్న ఆ పల్లెలో ఆవిడ కుట్టిన బొంత లేని ఇల్లు వెతికి చూడాల్సిందే. బొంతలే కాదు, సంచులు, దిండు గలీబులు, మోటారు సైకిలు సీటు తొడుగులు, ఆఖరికి మిక్సీ మీద కప్పే ముసుగులు కూడా. పాత చీరలూ టైలరు పారేసే ముక్కలూ ఏరుకుని, మిషను ముట్టకుండా, అంతా చేత్తోనే కుడుతుంది. ఇంత ఓపికున్నప్పుడు అమ్ముకోవచ్చు కదా అని ఎవరైనా అంటే మాత్రం ఆవిడకి నచ్చదు.

"అమ్మితే అది పనైపోతాది. పని నాకు పొలంలో సాలినంత ఉన్నాది" అంటుంది.

ఆవిడకి ఇంకో గుణం ఉంది. ఒక్కసారి చూసిన చీరని మరిచిపోదు. మనుషుల పేర్లు తప్పుతుంది గానీ చీరలు తప్పదు. ఫలానా పెళ్ళిలో మన పక్కన కూర్చున్నావిడ ఎవరే అని మొగుడు కూర్మనాథం అడిగితే, "నేరేడుపండు రంగుకి తెల్ల గళ్ళ సీరావిడే కదా" అంటుంది. పేరు కావాలంటే కూర్మనాథమే వెతుక్కోవాలి. ఈ గుణం సంగతి వదిన ఈశ్వరికి తెలిసి ఉంటే తొమ్మిదేళ్ళపాటు అంత ధీమాగా ఉండేది కాదు.

కోపం రాదన్నాను కదా, అది అబద్ధం. తొమ్మిదేళ్ళ కిందట ఒక కోపం వచ్చింది, వచ్చింది వచ్చినట్టే లోపల కూర్చుండిపోయింది.

దేముడమ్మ పుట్టిల్లు ఆమదాలవలస. అన్న జగన్నాధం, వదిన ఈశ్వరి అక్కడే ఉంటారు. తల్లి లక్ష్మణమ్మ కూడా ఆ ఇంట్లోనే పోయింది. దేముడమ్మకి సూది పట్టడం నేర్పింది ఆవిడే. పోవడానికి నెల ముందు మంచం మీంచి చెయ్యెత్తి పెట్టె చూపించింది. అందులో పెళ్ళినాటి నేతచీర ఉంది. పసుపురంగుకి ఎర్రంచు. కట్టి కట్టి, ఉతికి ఉతికి, చేతిలో పట్టుకుంటే జారిపోయేంత మెత్తబడింది.

"ఇది నీకే. సింపి బొంత కుట్టుకో. సలికాలం కప్పుకుంటే నేను పక్కన పడుకున్నట్టే ఉంటాది" అంది.

చావు పనుల్లో దేముడమ్మ పెట్టె ముట్టుకోలేదు. పన్నెండో రోజు, చుట్టాలంతా వెళ్ళాక, "అమ్మ సీర ఏది ఒదినా" అని అడిగింది.

ఈశ్వరి గిన్నెలు కడుగుతోంది, తలెత్తలేదు. "ఆ పాత గుడ్డలా? మొన్న స్టీలు సామాన్లోడొస్తే ఏసీసినాను. అదిగో, బేసినిచ్చినాడు."

మూల కొత్త స్టీలు బేసిను మెరుస్తూ ఉంది. వీధుల్లో పాత బట్టలు తీసుకుని గిన్నెలిచ్చేవాడు ఏ ఊరివాడో, ఎటు పోయాడో ఎవరికీ తెలీదు. దేముడమ్మ అన్న వైపు చూసింది. జగన్నాధం, "ఒక గుడ్డముక్క కోసం ఇప్పుడు గొడవెందుకే" అని తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడు. ఈశ్వరి చేతులు తుడుచుకుని వచ్చి ఆడపడుచుకి బొట్టు పెట్టి, చీర చేతిలో పెట్టింది. ఊదారంగు పాలిస్టరు. ఆ చీరని మూడు నెలల కిందట ఎదురింటి బుల్లమ్మ తన కొడుకు పెళ్ళిలో ఈశ్వరికి పెట్టడం దేముడమ్మ కళ్ళారా చూసింది.

అయినా చీర సంచిలో పెట్టుకుని రైలెక్కింది.

ఆ తరవాత తొమ్మిదేళ్ళలో పుట్టింటి నుంచి ఇంకో పది చీరలొచ్చాయి. మన వైపు పెట్టుబడి చీరల సంగతి తెలిసిందే. ఒకరు పెట్టింది ఇంకొకరికి, వాళ్ళు మరొకరికి, కట్టుకునేవాళ్ళు లేకుండా మడత విప్పకుండా ఊళ్ళు తిరుగుతుంటాయి. బయటివాళ్ళకి అలా చేస్తే ఎవరూ తప్పుపట్టరు. ఇంటి ఆడపడుచుకి మాత్రం కొని పెట్టాలి. ఈశ్వరి ఒక్కటంటే ఒక్కటి కొనలేదు, పెట్టిన ప్రతిసారీ "నీ కోసమని శ్రీకాకుళం ఎల్లి ఏరి తెచ్చినాను" అని చెప్పడం మాత్రం మానలేదు. ఒకటి మేస్టారి పెళ్ళాం చూడామణి పెట్టింది. ఒకటి వీధి చివర సత్రంలో జరిగిన పెళ్ళిలోది. ఆరేళ్ళ కిందట దేముడమ్మే ఈశ్వరికి పెట్టిన కాఫీరంగు చుక్కల చీర నాలుగేళ్ళకి తిరిగి దేముడమ్మకే వచ్చింది. ఆ రోజు మాత్రం ఇంటికొచ్చి ఒక్కతీ పడీపడీ నవ్వింది.

పదకొండోది కిందటేడు వచ్చింది. అన్నావాళ్ళు మేడ మీద గది వేసి పాలు పొంగించిన రోజు. చిలకాకుపచ్చకి మామిడిపిందెల అంచు. దాన్ని అంతకు ముందేడాది మేనల్లుడు గిరిబాబు పెళ్ళిలో పిల్ల తల్లి సుభద్రమ్మ వియ్యపురాలికి తన చేతులతో పెట్టింది. ఆ పీటల పక్కనే నిలబడి పసుపు గిన్నె పట్టుకున్నది దేముడమ్మే.

ఒక్క చీరా కట్టలేదు. మడతలన్నీ ట్రంకు పెట్టెలో అలాగే ఉన్నాయి. ఎందుకు దాస్తోందో అప్పటికి ఆవిడకీ పూర్తిగా తెలీదు. పారెయ్యడానికి మాత్రం మనసొప్పేది కాదు.

గిరిబాబుకి కొడుకు పుట్టాడని ఫోనొచ్చింది. మూడో నెలలో పిల్లాణ్ణి అమ్మమ్మగారింటి నుంచి తెచ్చి ఉయ్యాల్లో వేస్తారట. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలకి ఉయ్యాల బొంత మేనత్త చేతి నుంచే రావాలి. గిరిబాబుకి అక్కచెల్లెళ్ళు లేరు, అందుకని ఆ వంతు అతని మేనత్తది. "నువ్వే కుట్టాల. బాగా కుట్టు, సుభద్రమ్మగారి బంధువులంతా వస్తన్నారు" అంది ఈశ్వరి ఫోన్లో.

"నీ కళ్ళు సెదిరీలా కుడతానొదినా" అంది దేముడమ్మ. ఫోను పెట్టేసి ట్రంకు పెట్టె దించింది.

మొదట పదకొండు చీరలూ కుంకుడురసంలో నానబెట్టి పదిసార్లు ఉతికింది. గంజీ మెరుపూ పోయి దారికొచ్చాయి. ఉయ్యాల బొంతకి కొత్తగుడ్డ వెయ్యకూడదు, పసివాడి ఒళ్ళు గీరుకుంటుంది. అందుకని వాడి వీపు తగిలేవైపు తన పాత నూలుచీరే వేసింది, మధ్యలో కూర్మనాథం అరిగిపోయిన పంచెలు పరిచింది. పసివాడు ఆవిడకేం చేశాడు గనక. నలుగురికీ కనపడే పైవైపే ఈశ్వరిది.

పైవైపు ముక్కలు ఎప్పటిలా చిన్నవి కొయ్యలేదు. జానెడేసి కోసింది. ప్రతి ముక్కలోనూ అంచు కనపడాలి, పువ్వు కనపడాలి, చూసినవాళ్ళు ఒక్క చూపులో పోల్చుకోవాలి. నట్టనడుమ సుభద్రమ్మ చిలకాకుపచ్చ పెట్టింది. ఒక మూల తన కాఫీరంగు చుక్కలది. ఇంకో మూల బుల్లమ్మ ఊదారంగుది, అమ్మ చీరకి బదులొచ్చింది. ఆ మూల కుడుతున్నప్పుడు సూది వేలికి రెండుసార్లు గుచ్చుకుంది.

కూర్మనాథం ఒకరోజు వచ్చి పక్కన కూర్చుని చూశాడు. మాట తక్కువ మనిషి గానీ తెలివి తక్కువ మనిషి కాదు.

"ఇవన్నీ మీ ఒదినెట్టిన సీరలు కాదేటే?"

"అవును మావా."

"ఒకరికి తెలిస్తే?"

"తెలియడానికే కుడతన్నాను."

అతను, "మీ అన్న మొకమైనా సూడవే" అన్నాడు.

"ఆ రోజు మా అన్న నా మొకం సూసినాడా?"

కూర్మనాథం లేచి పశువులకి కుడితి పెట్టడానికి వెళ్ళిపోయాడు. దేముడమ్మ దారం కొరికి ముడి వేసింది. అంత సంతోషంగా ఆవిడ ఏ బొంతా కుట్టలేదు, ఆ మాట దాచడం దేనికి. కుట్టు కుట్టుకీ ఈశ్వరి మొహం కళ్ళముందు కనపడేది.

ఉయ్యాల్లో వేసే రోజు పొద్దున్నే విజయనగరంలో రైలు పట్టుకుని మొగుడూ పెళ్ళాం ఆమదాలవలస చేరారు. ఇల్లు నిండా జనం. హాల్లో ఉయ్యాల, పూలు, కొత్త చాప. ఆ ఇంటి పద్ధతిలో బొంతని తిన్నగా ఉయ్యాల్లో వెయ్యరు. ముందు చాప మీద పరుస్తారు, వచ్చిన ఆడవాళ్ళంతా చుట్టూ చేరి నాలుగు మూలలా పసుపు రాస్తారు. దేముడమ్మ మూడు నెలలుగా ఆ ఒక్క నిమిషం కోసమే కాచుకుని ఉంది.

బొంత పరిచింది.

"ఎంత బాగున్నాదో" అన్నారెవరో. బుల్లమ్మ పసుపు ముద్ద పట్టుకుని తన దగ్గరి మూలకి వంగి, వంగినది అలాగే ఆగిపోయింది.

"ఇది మా పెద్దోడి పెళ్ళికి నీకెట్టిన సీర కాదేటి ఈశ్వరీ?"

ఈశ్వరి నవ్వబోయింది. "అలాటివి బజార్లో లక్ష దొరుకుతాయి" అంది.

"ఇదిగో, నేను పెట్టినది" అంది చూడామణి, మెల్లగానే. ఆ పక్కావిడ తనది చూసుకుంది. ఒకరొకరే వంగి, వెతుక్కుని, తమ ముక్క మీద వేలు పెడుతున్నారు. ఎవరూ నవ్వడం లేదు. ఈశ్వరి మొహంలో నెత్తురు చుక్క లేదు.

సుభద్రమ్మ అందరికన్నా ఆఖర్న వంగింది. నట్టనడుమ ఉన్న మామిడిపిందెల అంచుని రెండు వేళ్ళతో తడిమింది. "ఈ రంగు మీకు బాగుంటాదని నాలుగు కొట్లు తిరిగినాను వదినగారూ" అని, లేచి, వెళ్ళి కూతురి పక్కన కూర్చుంది.

"ఇవన్నీ నీ దగ్గరికెలా వచ్చినాయి దేముడమ్మా?" బుల్లమ్మ అడిగింది.

దేముడమ్మ ఈ జవాబుని తొమ్మిదేళ్ళు నానబెట్టింది. "మా ఒదిన పెట్టినాది. శ్రీకాకుళం ఎల్లి నా కోసమని ఏరి తెచ్చినాది. పుట్టింటి సీరలు కదా, కట్టి పాడుసెయ్యడానికి మనసొప్పలేదు. పుట్టింటి బిడ్డకే సెందాలని కుట్టినాను" అంది, వినయంగా.

ఆ తరవాత పసివాణ్ణి ఉయ్యాల్లో వేశారు, పాట పాడారు. ఈశ్వరి గొంతు ఒక్కటే వినపడలేదు.

వంటింట్లో ఈశ్వరి ఆడపడుచుని పట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వియ్యపురాలి ముందర నా పరువు తీసినావు. నేనేటి సేసినాను నీకు? ఏటి కావాల?"

"ఆ బేసిను."

గట్టు మీద స్టీలు బేసిన్నిండా పులిహోర ఉంది. ఈశ్వరి దాన్ని చూసింది, దేముడమ్మని చూసింది. "ఏ బేసిను? అదా? దానికేటి?"

దేముడమ్మ అప్పటికి గ్రహించింది. వదిన బుకాయించడం లేదు. ఆవిడకి నిజంగానే గుర్తు లేదు.

"అమ్మ సీర ఇచ్చి కొన్నావు" అంది.

ఈశ్వరి చాలాసేపు వెతుక్కుంది. "ఆ పాత సీరా?" అంది చివరికి. "దాని కోసమా ఇదంతా? ఆ రోజే గట్టిగా అడగొచ్చు కదే."

దేముడమ్మ పులిహోర అరిటాకుల మీద బోర్లించింది, బేసిను కడిగింది, చీరకొంగుతో తుడిచి చంకన పెట్టుకుంది. గుమ్మంలో జగన్నాధం అడ్డం నిలబడ్డాడు గానీ చెల్లెలి మొహం చూసి పక్కకి తప్పుకున్నాడు. భోజనం చెయ్యకుండానే మొగుడూ పెళ్ళాం స్టేషనుకి వచ్చేశారు.

రైల్లో కూర్మనాథం అడిగాడు, "కక్ష తీరినాదా?"

"సగం" అంది దేముడమ్మ.

మిగతా సగం పది రోజుల తరవాత ఫోన్లో వచ్చింది. బుల్లమ్మ ఫోను. ఈశ్వరి ఆ సాయంత్రమే బొంతని అటక మీద పడేసిందట. పిల్లాడు కొత్త పరుపు మీద పడుకోకుండా గుక్కపట్టి ఏడిస్తే, మళ్ళీ తనే నిచ్చెనెక్కి దించిందట. ఇప్పుడా బొంత లేకపోతే వాడు కన్ను ముయ్యడట. రోజుకి రెండుసార్లు తడుపుతాడు, కోడలు బాలింత కాబట్టి ఉతికేది ఈశ్వరే. ఎండ తగిలేది మేడ మీద వీధివైపు పిట్టగోడ ఒక్కటే. పదకొండు చీరలూ రోజూ వీధంతటికీ కనపడేలా ఆరేస్తోందట.

దేముడమ్మ నవ్వింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. కూర్మనాథం కంగారుగా గుమ్మంలోకి వచ్చి చూసి, నవ్వే కదా అని వెళ్ళిపోయాడు.

పక్కనే బేసిను ఉంది, ఇప్పుడు అందులోనే గుడ్డముక్కలు పోసుకుంటోంది. నవ్వు ఆగాక, ఆ ముక్కలు పక్కకి జరిపి అడుగున అరచెయ్యి ఆనించింది. చలికాలం కదా, స్టీలు జివ్వుమంది. చెయ్యి తియ్యకుండా చాలాసేపు అలాగే ఉంచింది. అమ్మ చీరైతే ఈపాటికి వెచ్చబడి ఉండేది.