సిగిడికి సిల్వర్ పెయింటు

లేదు సాంబా, కిరోసిన్ కాదు... సిల్వర్ పెయింటు. తిట్టేవాడివి సరిగ్గా తిట్టు.

నిన్న నేను గ్యాస్ గ్రిల్ బర్నర్లు ఎలా శుభ్రం చేసుకోవాలో ఫోటోలు పెడితే, కింద నువ్వేం రాశావు? "మా చిన్నప్పుడు వీని సిగిడి మీద కాల్చిన కార్జం కిరోసిన్ కంపు కొట్టింది. గిప్పుడు మనకు సుద్దులు చెప్తాండు!" అని. అందరూ నవ్వారు. నవ్వనీ. కానీ ఆ రోజు నువ్వు ముక్క ఉమ్మేసి ఇంటికి ఉరికావు... తర్వాత ఏమైందో నీకు తెలీదు.

తెలియనివాళ్ల కోసం మొదటినుంచి చెబుతాను.

వరంగల్‌లో మా ఇంటి వెనక చిన్న పెరడు. అందులో అమ్మ సిగిడి... అంటే బొగ్గుల పొయ్యి. పాత నూనె డబ్బాను సగానికి కోయించి, ఎర్రమన్నులో ఊక కలిపి లోపల మెత్తింది. వానాకాలం పోయేసరికి మన్ను పగుళ్లిచ్చేది. మళ్లీ మెత్తేది, నీడకు ఆరబెట్టేది, బొట్టు పెట్టేది... అప్పుడే నిప్పు. మక్కకంకులు, ఎండుచేపలు, చలికి చేతులు కాచుకోవడం, అన్నీ దానిమీదే.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. ఒక్కచోట కూర్చోవడం నా వల్ల కాదు. ఇప్పటికీ కాదు, ఇది కూడా నిలబడే రాస్తున్నాను. వెల్డింగ్ షాపు ముందు నిప్పురవ్వలు చూస్తుంటే మాత్రం ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు. మా బాపు ధాన్యం మార్కెట్లో హమాలీ. బస్తా దించినట్టే మాట కూడా ఒక్కసారే దించేవాడు.

"దసరాకు వాడకట్టోళ్లంత నువ్వు చేసిన సిగిడి మీద కార్జం కాల్చుకొని తినాలె. తిన్నరా, వెల్డింగ్ షాపుల పెడ్త. లేకుంటే నోర్మూసుకొని బడికి."

దసరాకు మా వాడకట్టంతా కలిసి ఒక మేకను తెచ్చేవారు. మాంసం పోగులు పెట్టి ఇంటికింత పంచుకునేవారు. కార్జం, అంటే మేక కాలేయం, మాత్రం పోగుల్లో పడదు... అక్కడికక్కడే బొగ్గుల మీద కాల్చి, ఉప్పూ కారం చల్లి, చిన్నా పెద్దా తలో ముక్క. అంటే నాకు పరీక్ష పెట్టేది వాడకట్టంతా.

తుక్కు ఇనుము ఏరుకొచ్చాను. షాపు ఉస్తాదును బతిమాలి అతికించుకున్నాను. కింద బూడిద పడటానికి లాగే అర. పైన ఇనుప చువ్వల జాలి... మంటను బట్టి పైకీ కిందికీ జరుపుకోవడానికి మూడు మెట్లు. అమ్మ చుట్టూ తిరిగి చూసింది.

"లోపల మన్ను మెత్తాలె కొడుకా."

"గది డబ్బా పొయ్యికే అవ్వా. ఇది ఇనుముది!"

దసరా పొద్దున ఇంట్లో ఇనుప వస్తువులన్నీ కడిగి బొట్లు పెడతాం కదా... బాపు సైకిలు, కత్తిపీట, గడ్డపార, అన్నీ తళతళలాడుతున్నాయి. నా సిగిడి ఒక్కటే తుప్పు మరకలతో దిగులుగా ఉంది. పక్కింట్లో గేటుకు వేయగా మిగిలిన సిల్వర్ పెయింటు ఉంటే తెచ్చి వేసేశాను. బయటా, లోపలా... జాలికి కూడా. పూజలో పెడితే రథంలా మెరిసింది. బాపు కూడా రెండోసారి తిరిగి చూశాడు.

మధ్యాహ్నం బొగ్గులు రాజేసి కార్జం పెట్టాం. ముందు బుడగలు... తర్వాత ఘాటు పొగ... ఆ తర్వాత అందరికంటే ముందు చెయ్యి పెట్టిన నువ్వు, "థూ!" అని ఉరికావు. వాడకట్టుకు పెద్దమనిషి ఐలయ్య తాత ముక్కను ఎండకు పట్టి చూశాడు.

"ఏందిరా మల్లిగా, మిఠాయికి అద్దినట్టు కార్జానికి వెండిరేకు అద్దినవ్?"

అమ్మ పాత సిగిడి తెచ్చి మిగిలిన కార్జం కాల్చింది. అందరూ తిన్నారు. బాపు చెయ్యి కడుక్కుంటూ, "సెలవులు కాంగనే బడికి," అన్నాడు. అంతే.

సెలవులు ఇంకా ఉన్నాయి. మర్నాడే సిగిడి నిండా కట్టెలు వేసి ఎర్రగా కాల్చాను. రంగు పొరలు పొరలుగా లేచింది. ఇటుక ముక్కతో గీకాను, ఇసుకతో తోమాను, మళ్లీ కాల్చాను. జాలి పారేసి కొత్తది చేశాను. అప్పుడు అమ్మ దగ్గరికి పోయాను.

"అవ్వా, మన్ను ఎట్ల కలుపుతవే?"

"ఇనుముదాయె... దానికెందుకు బిడ్డా మన్ను?" అని నవ్వింది. నవ్వుతూనే ఊక తెచ్చింది.

ఆరాక మొదటి కంకి ఐలయ్య తాతకే తీసుకెళ్లాను. వాసన చూశాడు. కొరికాడు. ఇక ఆపలేదు.

"బొగ్గులెన్ని పోసినవ్‌రా?"

"జరంతనే తాతా. మన్ను వేడి పట్టుకుంటాంది."

మర్నాడు సాయంత్రం తాతే తన పాత సిగిడి చంకన పెట్టుకుని మా పెరట్లోకి వచ్చాడు. అప్పుడే మార్కెట్ నుంచి వచ్చిన బాపు కాళ్లు కడుక్కుంటున్నాడు.

"మల్లిగా, నాదానికి గూడ గా మూడు మెట్ల జాలి పెట్టు. వెండిరేకు మాత్రం వద్దు బిడ్డా."

బాపు నా సిగిడి ముందు కూర్చున్నాడు. బూడిద అర లాగాడు, తోశాడు. మళ్లీ లాగాడు.

బడి తెరిచిన రోజు సైకిల్ తీసి, "ఎక్కు," అన్నాడు. బడి మలుపు దగ్గర కళ్లు మూసుకున్నాను... సైకిల్ అటు తిరగలేదు. వెల్డింగ్ షాపు ముందు ఆగి ఉస్తాదుతో అన్నాడు:

"వీనికి పని నేర్పు. రంగు డబ్బా మాత్రం చేతికియ్యకు."

అదీ జరిగింది సాంబా. ఇప్పుడు డాబా మీద గ్యాస్ గ్రిల్. నాబ్ తిప్పితే మంట, పొగ లేదు, బూడిద లేదు. మంచిదే, నేనేం తప్పు పట్టను. తోమేటప్పుడు మాత్రం లోపల చెయ్యి పెట్టి చూస్తుంటాను... అంతా నున్నగా ఉంటుంది. అమ్మ వేళ్ల గీతలు తగలవు.

మీ ఇంట్లో సిగిడికి మన్ను ఎవరు మెత్తేవారు? రాయండి. సాంబా, నువ్వు ఆదివారం రా. కార్జం తెస్తాను... మొదటి ముక్క నీదే, ఉమ్మకుండా తినాలి.

సిలిండర్ బండి వచ్చింది, కింద హారన్ కొడుతున్నాడు. పోవాలి.