దొంగని దించీమంటారా బాబూ

ఆ రోజుల్లో మనుషులు రాళ్ళు తిన్నా అరిగించుకునేవారని, పాతిక మైళ్ళు నడిచొచ్చి మళ్ళీ పొలం పనికి వెళ్ళేవారని మా తరంవాళ్ళు మనవల దగ్గర తెగ చెప్పుకుంటూ ఉంటారు. చెప్పుకోనివ్వండి. నా మటుకు నాకు ఆ రోజుల నుంచి గుర్తున్నదల్లా అలసటే. అరకు దాటాక కొండల మధ్య ఒక డ్యాము వెనక నిలిచిన నీళ్ళ మీద, పదిహేను రోజులపాటు, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా, లేని చేప కోసం తెడ్డు వేశాను. చేప లేదని నాకు తెలుసు. తెలిసీ వేశాను. నిజం చెబితే ఉద్యోగం ఊడుతుందని మొదట్లో భయపడ్డాను. తర్వాత్తర్వాత ఉద్యోగం సంగతి మర్చిపోయి, ఎదురుగా కూర్చున్న పెద్దాయన మొహం ఏమైపోతుందోనని భయపడ్డాను.

ఆ పెద్దాయన మా ఏడీ గారు. (అసిస్టెంట్ డైరెక్టరు అని పూర్తిగా అనేసరికి ఆయన గది దాటి వెళ్ళిపోయేవారు, అంత నడక ఆయనది. అందుకని అందరం ఏడీ గారనే అనేవాళ్ళం.) నేను చేపల శాఖలో కొత్తగా చేరిన ఫీల్డుమన్‌ని. ఏడీ గారు ఎప్పుడో కుర్రతనంలో ట్రైనింగు కోసం ఒక చలిదేశం వెళ్ళి ఆర్నెల్లు ఉండొచ్చారు. అక్కడ ట్రౌట్ అనే చేపని చూసి మనసు పారేసుకున్నారు. ఒంటినిండా చుక్కలు, చల్లటి నీళ్ళలో తప్ప బతకదు, మహా సుకుమారం. దాన్ని మన కొండల్లో పెంచాలని ఆయన పట్టుదల. పైవాళ్ళు నవ్వారు. "డిసెంబరులో అరకులో చన్నీళ్ళ స్నానం చేసినవాడెవడూ నాతో వాదించడోయ్" అనేవారు ఆయన. అలా ఏళ్ళ తరబడి కాగితాలు రాయగా రాయగా ఒక్కసారికి, ఒకే ఒక్కసారికి, నీలగిరుల నుంచి ట్రౌట్ పిల్లల్ని తెప్పించుకోమని పర్మిషన్ ఇచ్చారు. తీసుకురావడానికి నన్ను పంపారు. ఎందుకు నన్నే అంటే, కుర్రాణ్ణి కాబట్టి, రెండు రాత్రులు మేలుకోగలను కాబట్టి.

రెండు రాత్రులు మేలుకున్నాను. అబద్ధం చెప్పను. ఆరు పాలక్యాన్లలో చేపపిల్లలు, వాటి చుట్టూ ఐసు, పైన తడి గోనెలు. పది నిమిషాలకోసారి ఒక్కో క్యాన్లోంచి చెంబుతో నీళ్ళు తీసి ఎత్తు నుంచి మళ్ళీ పొయ్యాలి, వాటికి గాలి ఆడాలని. రైలంతా నా వంక చూసింది. (ఒక ముసలమ్మ "ఎవరికి నాయనా అభిషేకం?" అని అడిగి ఒక పువ్వు కూడా ఇచ్చింది.) విజయనగరంలో దిగి లారీ ఎక్కేదాకా ఒక్క పిల్ల చావలేదు. ఘాట్ రోడ్డు ఎక్కే ముందు కోట అనే ఊళ్ళో డ్రైవరు భోజనానికి ఆపాడు. నేనూ తిన్నాను. ముద్దపప్పు, ఆవకాయ, పైన గడ్డపెరుగు. ఆ తర్వాత లారీ మలుపులు తిరుగుతుంటే కొండగాలి చల్లగా మొహానికి తగిలింది. చెంబు చేతిలో పట్టుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుందాం అనుకున్నాను.

పైకొచ్చాక డ్రైవరు లేపాడు. ఆరు క్యాన్లలోనూ పిల్లలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఏడ్చాను, సిగ్గేముంది. డ్రైవరు జాలిపడి లారీ పక్కకు తీస్తే, వాటిని రోడ్డు పక్కన పారే ఒక గెడ్డలో పారబోసి, అవే క్యాన్లలో ఆ గెడ్డ నీళ్ళే నింపుకుని డ్యాము దగ్గరికి వెళ్ళాను. ఖాళీ క్యాన్లతో వెళితే చూసేవాళ్ళేమనుకుంటారు? చూసేవాడు ఒక్కడే ఉన్నాడు. మా శాఖ పడవ నడిపే తాత. ఆ కొండలవాడే. నేను ఆరు క్యాన్లూ ఎంతో భక్తిగా ఒంచుతుంటే గట్టు మీద గొంతుక్కూర్చుని చూశాడు.

"ఏటి బాబూ, నీళ్ళల్లో నీళ్ళు పోత్తన్నారు?"

"చేపపిల్లలు తాతా. మరీ చిన్నవి. కనపడవు."

తాత నమ్మాడు. అదే నా ప్రాణానికొచ్చింది. పిల్లల్ని వదిలినట్టు రిజిస్టర్లో రాశాను. ఏడీ గారు మూణ్ణెల్లకోసారి ఉత్తరం రాసేవారు, కనపడుతున్నాయా అని. లేవు అని రాస్తే కారణం అడుగుతారు. అందుకని "లోతుకు దిగి ఉంటాయి సార్" అని రాసేవాణ్ణి. నాలుగేళ్ళు అదే వాక్యం రాశాను. దాని మీద ఆయన నాలుగేళ్ళూ ఆలోచిస్తున్నారని నాకేం తెలుసు?

రిటైరయ్యే ముందు ఆఖరి జనవరిలో పదిహేను రోజుల క్యాంపు వేసుకుని ఆయన డ్యాము బంగళాకి దిగారు. జీపులోంచి రెండు సైకిల్ చక్రాలు దింపించారు, టైర్లు ట్యూబులు లేకుండా. ఆ చక్రాలకి సన్నటి ఇనపతీగ చుట్టి, తిప్పడానికి పెడలు బిగించి ఉంది. తీగ చివర అయిదు కేజీల తూకపు రాయి. రాయికి కొంచెం పైన బట్టలారేసుకునే క్లిప్పు, వాళ్ళావిడ దండెం మీంచి తెచ్చింది. గాలపు తాడుని ఆ క్లిప్పులో పెట్టి రాయిని కిందికి దించితే గాలం ఎంత లోతంటే అంత లోతుకి పోతుంది. పడవని నెమ్మదిగా నడుపుతుంటే గాలానికున్న రేకుచెంచా కింద చేపపిల్లలా మెరుస్తూ వెనకాలే వస్తుంది. చేప కరిచిందా, క్లిప్పు టక్కున ఊడుతుంది. "దీన్ని డౌన్‌రిగ్గర్ అంటారు. అక్కడ పెద్ద సరస్సుల్లో ఇలాగే పడతారు. నువ్వు రాశావు చూడు, లోతుకు దిగి ఉంటాయని, అది చదివాకే తట్టింది నాకు" అని నా భుజం తట్టారు. ఆ భుజమే తర్వాత పదిహేను రోజులు నొప్పెట్టింది.

డౌన్‌రిగ్గర్ అన్న మాట తాత నోట్లో ఇమడలేదు. మొదటిరోజు "దొంగిరిగ్గరు" అన్నాడు. రెండోరోజుకి రిగ్గరు కూడా రాలిపోయి దొంగ మిగిలింది. పడవకి అటొకటి ఇటొకటి ఉంటాయి కాబట్టి కుడిదొంగ, ఎడందొంగ. పొద్దున్నే నీళ్ళ మీద పొగమంచు ఇంకా లేవకముందే, నేను తెడ్ల దగ్గర కూర్చోగానే, చక్రాల దగ్గరున్న తాత నా మొహంలోకి చూసి అడిగేవాడు.

"దొంగని దించీమంటారా బాబూ?"

నా గుండె జారిపోయేది. పదిహేను రోజులూ జారింది. అలవాటవుతుందనుకున్నాను, అవలేదు. పైగా ఏడీ గారు నోటుపుస్తకం తెరిచి "దొంగ ఇప్పుడెంత లోతులో ఉన్నాడు తాతా?" అని తనూ అదే మాట పట్టుకున్నారు. "నలభై అడుగులు బాబూ. ఇంకా దిగీగలడు" అనేవాడు తాత. నేను తల వంచుకుని తెడ్డు వేసేవాణ్ణి.

ఆ తెడ్డు వెయ్యడం కూడా మామూలుగా కాదు. నడిచే మనిషి కంటే కాస్త నెమ్మదిగా పోవాలి. తొందరగా వేస్తే రాయి పైకి తేలుతుంది, మరీ మెల్లగా వేస్తే తీగ అడుగుకి తగులుతుంది. అడుగున ఏముందో తాతకి తప్ప ఎవరికీ తెలీదు, ఎందుకంటే డ్యాము కట్టకముందు అది వాళ్ళ ఊరు. "ఇది మా సంత బాబూ, ఇక్కడ రాళ్ళు నేవు, దించీండి" అనేవాడు. "బేగి లాగండి, మా బావ ఇంటి కాడ సింతసెట్టుంది" అనేవాడు. మామూలు గొంతుతోనే అనేవాడు. అంత జాగ్రత్తగా చెప్పినా ఒకరోజు కుడిదొంగ ఆ చింతచెట్టుకే పట్టేసింది. క్లిప్పు టక్కుమంది. ఏడీ గారు పడవ ఊగిపోయేలా లేచి నిలబడ్డారు. చేప కాదు, కొమ్మ. విడిపించడానికి గంట పట్టింది. "ఇరవయ్యేళ్ళయినా ఇడిసిపెట్టదు ఆ సెట్టు" అన్నాడు తాత, కొంచెం గర్వంగా.

చెప్పేద్దామని మూడుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి గొంతు సర్దుకోగానే ఆయన జలుబనుకుని తన మఫ్లరు తీసి నా మెడకి చుట్టారు. రెండోసారి దొడ్డిదారిన వెళదామని, "అసలు పిల్లలు బతికున్నాయంటారా సార్" అన్నాను. ఆయన జవాబివ్వకముందే తాత అందుకున్నాడు. "అదేటి బాబూ అలగంటారు? మీరు పొయ్యడం నాను నా కళ్ళతో సూసినాను. మరీ సిన్నవి, కనపడవన్నారు కదా." సాక్షి అంత గట్టిగా చెప్పాక నేనేం మాట్లాడను? మూడోసారి మధ్యాహ్నం, పులిహోర తిని చేతులు కడుక్కుంటూ ఉండగా ఆయనే మొదలుపెట్టారు. "ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో నేను చేసిన పనులన్నీ ఎవరో చెయ్యమన్నవేనోయ్. చెరువులు వేలం వేయించడం, వలలు పంచడం, టూరు బిల్లులు. నా అంతట నాకు తట్టి, నేను అడిగి చేసింది ఇదొక్కటే. ఒక్క చేపని కళ్ళతో చూస్తే చాలు. పెన్షన్ మాట దేవుడెరుగు." నోటిదాకా వచ్చిన మాట పులిహోరతోపాటు లోపలికి వెళ్ళిపోయింది.

పదకొండో రోజున నిజంగానే పడింది. అరవై అడుగుల లోతులో ఎడందొంగ క్లిప్పు ఊడి గాలపుబద్ద విల్లులా వంగింది. ఏడీ గారు బద్దని రెండు చేతులా పట్టుకున్నారు. తాడు లాగుతూ "నెమ్మది, నెమ్మది" అని తనకి తనే చెప్పుకుంటున్నారు. అప్పుడు నేను దణ్ణం పెట్టుకున్నాను. నా చేత్తో చచ్చిన పిల్లల్ని పారబోసినవాణ్ణి, అందులో ఒక్కటి బతికి గెడ్డలోంచి ఈదుకుంటూ ఇక్కడికొచ్చి ఉండాలని దేవుణ్ణి అడిగాను. నీళ్ళ మీదకి పెద్ద నోరొకటి వచ్చింది. దాని వెనక బారెడు మీసాలు. మామూలు వాలుగ చేప. ఏడీ గారు దాన్ని చాలాసేపు చూసి "ఇది కాదు" అన్నారు. అని పుస్తకంలో పొడుగు, బరువు రాసుకున్నారు. ఆ పూట తాత ఇంట్లో పులుసు బ్రహ్మాండంగా కుదిరింది. ఏడీ గారు ముద్ద దిగటంలేదని రెండు మెతుకులు తిని లేచారు.

ఆఖరి రోజు జీపెక్కుతూ దొంగలిద్దర్నీ నాకు ఒప్పజెప్పారు. "నావల్ల కాలేదు గానీ నీకు దొరుకుతుంది. నీకు ఓపికుంది. పడిన రోజు నాకో కార్డు ముక్క రాయి" అన్నారు. ఓపిక ఉందట నాకు. ఆయన వెళ్ళాక ఏడాదిపాటు ఆదివారాలు నేనూ తాతా పడవేసుకుని వెళుతూనే ఉన్నాం. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను. ఇంట్లో కూర్చుంటే ఇంకా ఎక్కువ అలసటగా ఉండేది.

ఆయనకి ఒంట్లో బాగుండటం లేదని తెలిసింది. ఇక ఉండబట్టలేక కార్డు రాశాను. "ఒకటి పడింది సార్. పదహారు అంగుళాలు. ఒంటినిండా చుక్కలు." పెద్దాయన సంతోషిస్తారు, అంతటితో అయిపోతుంది అనుకున్నాను. వారం తిరక్కుండా జవాబొచ్చింది. "చాలా సంతోషం. మొప్ప వెనక నుంచి నాలుగు పొలుసులు తీసి కాగితంలో మడిచి పంపు. వాటి మీది వలయాలు చూసి వయసు లెక్కకట్టాలి." కార్డు పట్టుకుని సంతకి పరిగెత్తాను. ట్రౌట్‌కి పొలుసులు చిన్నవి కాబట్టి, చిన్నచిన్న పొలుసులున్న చేప ఏదని వెతికి, శీలావతి అనే చెరువుచేప పిల్లని ఒకదాన్ని కొని, ఉన్నవాటిల్లో మరీ చిన్న పొలుసులు నాలుగు ఏరి పంపాను.

ఈసారి కవరు వచ్చింది. ఆ ఉత్తరం ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. "పొలుసులు అందాయి. ఇవి శీలావతివి. ముప్ఫయ్యేళ్ళు శీలావతులు పెంచినవాడికి శీలావతి పొలుసులు పంపుతారా? క్యాంపులో క్లిప్పు ఊడినప్పుడల్లా నేను లేచాను, తాత లేచాడు. నువ్వు ఒక్కసారి కూడా తెడ్ల దగ్గర్నుంచి లేవలేదు. అలిసిపోయావనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. పిల్లలు దారిలోనే పోయి ఉంటాయి. ఘాట్ రోడ్డు మీద ఎన్నో మైలురాయి దాకా బతికున్నాయో రాయి. ఇంకెవరైనా తేవాలనుకుంటే పనికొస్తుంది."

తిట్టలేదు. తిడితే బాగుండును. ఆయన అడిగింది ఒక్కటే సంగతి, అదే నాకు తెలీదు. అయిదు కార్డులు చింపి ఆరోదాని మీద రాశాను. "ఎన్నో మైలో తెలీదు సార్. నిద్రపోయాను." రెండు నెలలు జవాబు లేదు. నాకిక రాయరనుకున్నాను. తర్వాత ఒక కార్డు వచ్చింది, రాత బాగా వంకరపోయి ఉంది. "ఒక్కణ్ణే పంపడం నాది పొరపాటు. ఇద్దర్ని పంపాల్సింది. ఒకడు పడుకున్నా ఒకడు మేలుకునేవాడు." ఆ కార్డు చదువుకుని డ్యాము గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. తాత వచ్చి ఏటయిందని అడిగితే, నీళ్ళల్లో నీళ్ళు పోసిన సంగతి మొత్తం చెప్పేశాను. తాత అంతా విని, "మరైతే సేపలు నేవా బాబూ?" అన్నాడు. లేవు తాతా అన్నాను. "పోన్నెండి, మా ఊరు మీదుగా తిరిగినాం కదా" అన్నాడు.

అప్పటి ఏడీ గారి వయసు నేను దాటి చాన్నాళ్ళయింది. ఇప్పుడు నిద్ర రాదు. డాక్టరు మాత్రలిచ్చాడు, మా ఆవిడ గసగసాల పాలు ఇస్తుంది, అయినా రాదు. ఆ లారీలో, చెంబు చేతిలో పట్టుకుని, అంత హాయిగా పడుకున్నవాడు నేనేనా అనిపిస్తుంది. వాడి మీద కోపం తెచ్చుకుందామని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, రావటంలేదు. పిచ్చి వెధవ, రెండు రాత్రులు మేలుకున్నాడు పాపం.